నిమ్మరసంలో పగడం

మా ఆయన పోయిన తర్వాత చాలా రోజులు నేను నవలలు చదవలేకపోయాను. నవలల్లో మనుషులు పెళ్ళయినా చేసుకుంటారు, చచ్చిపోనైనా చచ్చిపోతారు. రెండూ దగ్గరగా చూసేశాను కాబట్టి ఇంకేదైనా చదవాలనిపించింది. ఆయన చీరలు అప్పజెప్పడానికి హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా కోఠిలో ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పత్రికలు నా కోసం కట్టలుగా తెచ్చేవాడు. చివరిసారి తెచ్చిన కట్ట విప్పకుండానే అటక మీద ఉండిపోయింది. దింపి చూస్తే అన్నీ సైన్సు పత్రికలు. వాటిలో ఒకదాంట్లో లోతు సముద్రపు పగడాల గురించి పెద్ద వ్యాసం ఉంది. చివరి పేజీ లేదు. నేను దాన్ని పదే పదే చదివాను.

ఇది అలంపూరు మునిగిన వరదకు ముందటి మాట. అప్పుడు నేను గద్వాలలో ఒక బడిలో ఆడపిల్లలకు జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఇంట్లో అత్తమ్మ, మామ, నేను, అత్తమ్మ రెండు మేకలు. మామ ముందు గదిలో గుంత మగ్గం మీద నేసేవాడు. పగలంతా ఆయన నడుము పైభాగం మాత్రమే మాకు కనిపించేది. అత్తమ్మ వసారాలో కూర్చుని నూలు కండెలు చుట్టేది.

ఈ ముగ్గురం కాక పక్కింటామె. ఆమెను ఇంటి మనిషిగానే లెక్కపెట్టాలి. ఆమెకు నా విషయంలో ఒకటే దిగులు. నేను సరిగా ఏడవలేదని. పీనుగ లేచిన రోజు ఏడవలేదు, పదో రోజు పుస్తెలు తీసినప్పుడూ ఏడవలేదు. అప్పటినుంచి ఆమె ఏదో ఒక వంకన రోజూ వచ్చి నా కళ్ళలోకి చూసి పోయేది. ఒకరోజు ఉల్లిగడ్డలు కోస్తుంటే వచ్చింది. ముఖం విప్పారింది. చేతిలో ఉల్లిగడ్డ చూసి, "ఓ, గిదా" అని వెళ్ళిపోయింది.

పాఠం చెప్పేముందు ఇంట్లో ఒకసారి ఎవరికైనా చెప్పి చూసుకోవడం నాకు అలవాటు. అంతకుముందు ఆయన వినేవాడు. ఇప్పుడు అత్తమ్మకు చెప్పాను.

"అత్తమ్మా, పగడం రాయి కాదు. అది ఒక ప్రాణి."

"ఎవరు చెప్పిండ్రు?"

"పత్రికల రాసిండ్రు."

"వాళ్ళకు పనేమున్నది, ఏమన్న రాస్తరు." కండె ఆపలేదు. "ఏం ప్రాణి?"

"ఎండ దిగని లోతుల ఉంటది. చల్లటి నీళ్ళు, చీకటి. చెట్టు లెక్క కొమ్మలేసుకుంట పెరుగుతది. కొమ్మల నిండా సన్న సన్న నోర్లు. పైనుంచి ఏది రాలితే అది పట్టుకొని తింటది."

"పైనుంచి ఏం రాల్తది?"

"పైన చచ్చినవాటి తునకలు."

"అంటే పైనోళ్ళు తినంగ మిగిలింది. మన లెక్కనే." అత్తమ్మకు పగడం మీద కొంచెం గౌరవం కలిగింది. "ముట్టుకుంటే కరుస్తదా?"

"ముట్టుకుంటే నోర్లన్నీ లోపలికి ముడుచుకుంటయి. మళ్ళ ఎప్పటికో గని తెరవయి."

అత్తమ్మ కండె ఆపి నన్ను చూసింది. "నీ లెక్క."

నాకు ఇలాంటి పోలికలు నచ్చవు. పగడం పగడమే, మనిషి మనిషే. ఆ మాటే అన్నాను. అత్తమ్మ వినిపించుకోలేదు.

"మరి దాన్ని మేసేటివి ఉంటయా?"

"ఉంటయి. నత్తలు మేస్తయి. నక్షత్రం లెక్క అయిదు కాళ్ళ జంతువొకటి మేస్తది. ఒళ్ళంత ముండ్లున్న ఉండలుంటయి, అవి గూడ మేస్తయి."

"ముండ్లుండేది తినేదానికి గాదు, తినిపించుకునేదానికి ఉండాలె గదనే. తుమ్మచెట్టుకు ముండ్లుంటయి, మ్యాకకుంటయా?"

"సముద్రంల గట్లనే ఉంటది."

"మరి ఇదేం చేస్తది? ఉరకనీకి కాళ్ళు లేకపాయె."

"ఉరకదు. జిగురు ఊరుస్తది. గాయం చుట్టున్న చర్మం మెల్లగ పాకుకుంట వచ్చి కప్పుకుంటది. అది మానేదాక పెరుగుడు బంద్. మీద బురద పడ్డా గంతే, జిగురుతోని కడుక్కుంటది. మరీ ఎక్కువ పడితే ఊపిరాడక చస్తది. గాయం మానకముందే వేరే పురుగులొచ్చి ఆ జాగల ఇల్లు కట్టుకున్నా చస్తది."

సరిగ్గా అప్పుడే పెద్ద మేక గోరింట చెట్టు మీద ముందు కాళ్ళు పెట్టింది. అత్తమ్మ చేతిలోని కండె విసిరింది. "ఈ చెట్టుకు ఎందుకూరదే జిగురు!" అని నన్ను అడిగింది, తప్పు నాదైనట్టు.

పాఠం బాగుందనుకున్నాను. మర్నాడు బడిలో చెప్పాను. అక్కడితో ఆపాల్సింది. కానీ పిల్లలకు సముద్రం తెలియదు. వాళ్ళు చూసిన పెద్ద నీళ్ళు కృష్ణ ఒక్కటే. తెలిసిన వస్తువు దగ్గర మొదలుపెట్టాలి గదా అని, మీ అమ్మల పుస్తెల పక్కన ఉండే ఎర్ర పగడం ఈ ప్రాణి లోపలి ఎముకలాంటిదే, మన మాటలో బొక్క, అన్నాను. అది సున్నపుది, మన ఇళ్ళల్లో పరిచే బండల్లాంటిది, పులుపు పడితే బుడగలొస్తాయి, అరిగిపోతుంది అని కూడా చెప్పాను.

వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. "టీచర్, అంటే మా అమ్మ మెడల బొక్క ఉన్నదా?"

"ఒక లెక్కన అంతే."

"చచ్చినదాని బొక్కనా?"

"బతికున్నదాని బొక్క తీయలేరు గదమ్మా."

ఆ పిల్ల ఎంతో సంతోషంగా కూర్చుంది. ఇంటికి పోయి ఏం చెప్పిందో కానీ, మర్నాడు పొద్దున్నే బడి గేటు దగ్గర నలుగురైదుగురు తల్లులు నిలబడి ఉన్నారు.

"ఏంది టీచరమ్మా, మా మెడల పీనుగ బొక్కలున్నయని చెప్పినవట?"

"ముత్తయిదల మెడల పీనుగేందమ్మా? జర ఆలోచన చేయొద్దా?"

"నీకు పోతే పోయింది, మాయి గూడ పోవాల్నా?"

ఆఖరి మాట అన్నామె అన్న వెంటనే నాలుక కరుచుకుంది. మిగతావాళ్ళు ఆమెను వెనక్కి లాగారు. హెడ్మాస్టరు బయటికి వచ్చి, పాఠ్యపుస్తకంలో ఉన్నదే చెప్పమని నాకు, టీచరుగారు కష్టంలో ఉన్నారని వాళ్ళకు నచ్చజెప్పాడు. నేను ముడుచుకుపోయి స్టాఫ్ రూములో కూర్చున్నాను. అత్తమ్మ చూస్తే మళ్ళీ పోలిక చెప్పేది.

ఈ గొడవ ఊరంతా తిరిగి, మాసికానికని వనపర్తి నుంచి వచ్చిన మా వదినెను చేరింది. వదినె అంటే మా ఆయనకు అక్క. చెడ్డ మనిషి కాదు. తమ్ముడు ఎందుకు పోయాడో ఆమెకు ఒక కారణం కావాలి. గుండె జబ్బని కర్నూలు డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. అది ఆమెకు చాలలేదు. డాక్టర్లు చెప్పిన కారణంలో తిట్టడానికి ఎవరూ లేరు.

ఆ రాత్రి అన్నం దగ్గర మొదలుపెట్టింది. "అమ్మా, మా తాన ఒక అయ్యగారున్నడు. జాతకం చూసిండు. ఈ ఇంట్ల పుస్తెలకు పెట్టిన పగడం అసలుదా నకిలీదా అని అడిగిండు. నకిలీదైతే మొగనికి గండమట."

"ఎవరి పుస్తెలకు?" అన్నాడు మామ. ఆయన అన్నంలో నిమ్మకాయ పిండుకుంటున్నాడు.

"బండల మీద పడనీయకు!" అని అత్తమ్మ అరిచింది. ఒకప్పుడు ఆయన పిండిన నిమ్మకాయ చుక్కలు పడి నాపరాయి మీద తెల్లటి మచ్చలు తేలాయి. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అవి కనిపించినప్పుడల్లా అత్తమ్మకు కోపం కొత్తగా వచ్చేది.

వదినె నా వైపు చూడకుండా అంది. "ఎవరివి? తమ్ముడు కట్టినవే."

మాలో పెండ్లికి రెండు పుస్తెలు. ఒకటి అత్తింటివాళ్ళది, ఒకటి పుట్టింటివాళ్ళది. ఎవరి పుస్తె పక్కన వాళ్ళు ఒక పగడం పెడతారు. నావి తీసేశాక అత్తమ్మ పాత ఇత్తడి డబ్బాలో దాచింది. మామ పెట్టిన పగడం నున్నగా, ఎర్రగా, ఒక్క మచ్చ లేకుండా ఉండేది. మా పుట్టినూరు గట్టు నుంచి మా అమ్మ పెట్టింది కొంచెం పాలిపోయి, ఒక పక్క సూది మొనంత గుంతతో ఉండేది. పెండ్లి నాడే వదినె దాన్ని తిప్పి తిప్పి చూసింది. కాబట్టి ఇప్పుడు ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. మా అమ్మ పెట్టిన పగడం నకిలీదని, దానివల్లే ఆయన పోయాడని. ఆ మాట ఒక్కసారి బయటికి వచ్చి గట్టుకు చేరితే మా అమ్మ ఇక ఈ గడప తొక్కదు. ఆమె అంత మాట పడే మనిషి కాదు. ఆ ఆదివారమే వస్తానని కబురు పంపింది కూడా.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికి వచ్చేసరికి వసారాలో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. పక్కింటామె ముందు వరసలో ఉంది. మధ్యలో ఒక స్టూలు. స్టూలు మీద రెండు స్టీలు గిన్నెలు, పిండేసిన నిమ్మచెక్కలు. బండలు పాడవకూడదని స్టూలు పెట్టించింది అత్తమ్మే.

"టీచరమ్మ చెప్పిందే చేస్తున్నం" అంది వదినె, నేను అడగకముందే. "పులుపు పోస్తే తెలుస్తదని పిల్లలకు నువ్వే చెప్పినవట."

నేను అలా చెప్పలేదు. పులుపు పడితే అరిగిపోతుందని చెప్పాను. కానీ మా ఇళ్ళల్లో దేన్ని పరీక్షించినా పద్ధతి ఒకటే. నగలు చేసే అవుసలాయన బంగారాన్ని రాయి మీద గీసి ఆసిడ్ చుక్క వేస్తాడు. అసలుది నిలుస్తుంది, నకిలీది పోతుంది. జరీ పోగును గీకి చూస్తారు, కాల్చి చూస్తారు. నిలిచిందే అసలుది. నేతగాళ్ళ ఇండ్లలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇంకోలా తోచడానికి వీల్లేదు.

వదినె రెండు పగడాలనూ గిన్నెలకొకటి వేసింది. అందరూ వంగారు. మగ్గం చప్పుడు కూడా ఆగింది.

మామ పెట్టిన పగడం నిమ్మరసంలో చీకూ చింతా లేకుండా పడుకుంది. మా అమ్మ పెట్టినదాని చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. ఒకటి, రెండు, తర్వాత గుంత ఉన్న పక్కనుంచి వరసగా.

"పొంగుతుంది!" అంది పక్కింటామె.

"చూసిండ్రా? చూసిండ్రా?" అంది వదినె. "నేనప్పుడే అన్న. ఆ పగడం మొఖం చూస్తేనే తెల్సింది."

అందరూ నన్ను చూశారు. నాకు ఒక్క వాక్యం చాలు. పొంగిందే అసలుది, పగడం సున్నంతో అయింది కాబట్టి పొంగింది, గాజుపూసైతే పొంగదు. ఇదంతా పిల్లలకు చెప్పినదాన్నే. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు అత్తమ్మ కనిపించింది. పొంగని గిన్నె అంచు పట్టుకుని నిలబడి ఉంది. మా అమ్మది అసలుదైతే, ఈమెది నకిలీది. వదినె అయ్యగారి లెక్కన కొడుకును తీసుకుపోయింది ఈ ముసలామె ఇంటివాళ్ళు పెట్టిన పూస అవుతుంది. మాట్లాడితే ఈమె, మాట్లాడకపోతే మా అమ్మ. నేను పుస్తకాల సంచీ భుజానే ఉంచుకుని అట్లాగే నిలబడ్డాను.

"మాట్లాడవేంది పిల్లా?" అంది వదినె.

అత్తమ్మ బుడగలొస్తున్న గిన్నెలోకి చూసింది. తర్వాత కింద బండ మీది తెల్ల మచ్చలు చూసింది. మళ్ళీ గిన్నెలోకి చూసింది.

"ఓ ముసలాయనా!" అని కేకేసింది.

"ఏందే?" మగ్గం గుంతలోంచి జవాబు.

"ఆ దినం నువ్వు నిమ్మకాయ పిండితే బండ పొంగిందా, లేదా?"

"ఎప్పటి సంగతి తీస్తవే! పది మందిల నా ఇజ్జత్ తీయనీకి..."

"పొంగిందా, లేదా?"

"పొంగింది."

"మరి బండ నకిలీదా?"

బండ నకిలీదని ఎవరంటారు? అది తాండూరు నుంచి లారీలో రావడం సగం వీధి చూసింది.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "పగడం సున్నపు బొక్కని నువ్వే గద చెప్తివి, నేను కండెలు చుట్టంగ?"

"చెప్పిన అత్తమ్మా."

"సున్నమైతే పొంగాలె గద?"

"పొంగాలె."

"మరి గిప్పుడు నోరెందుకు ముడుచుకున్నవ్?"

నా జవాబు ఆమెకు అక్కర్లేకపోయింది. నేను ఎవరిని చూసి ఊరుకున్నానో ఆమెకు అప్పటికే అర్థమైంది.

వదినెకు మాత్రం ఆలస్యంగా వెలిగింది. "అంటే... అమ్మా... మనదా నకిలీది? నాయన తెచ్చిందా?"

మామ గుంతలోంచి పైకి వచ్చాడు. పగటిపూట ఆయన కాళ్ళు కనిపించడం అరుదు. "రాయచూరుల సేటు అసలుదే అని ఒట్టేసిండు" అన్నాడు. "సగం ధరకే ఇచ్చిండు."

"సగం ధరకు అసలుదిస్తడా, నీకేమన్న అల్లుడా?" అంది పక్కింటామె.

ఎవరో నవ్వబోయి ఆగారు. వదినె ఏడుపు మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమెకు తిట్టడానికి తండ్రి దొరికాడు, కానీ తిట్టలేకపోతోంది. నిలబడి నిలబడి మామ మొహం చిన్నబోయింది. పగడం సంగతి కంటే అయ్యగారి మాట, తను తెచ్చిన పూస కొడుక్కు గండమైందన్నది, ఆయనకు అప్పుడే తగిలినట్టుంది.

అప్పుడు అత్తమ్మ చేసిన పని గద్వాలలో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. రవికెలోంచి తన పుస్తెల తాడు బయటికి తీసింది. మొగుడు బతికుండగా తీయకూడదు కాబట్టి తాడు మెడలోనే ఉంచుకుని, స్టూలు మీదికి వంగి, పగడాలు రెండూ గిన్నెలో ముంచింది. గడ్డం నిమ్మచెక్కకు ఆనింది.

"ఏయ్! ఏం చేస్తున్నవే!" మామ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తియ్! నేనింక ఉన్ననే!"

"ఉన్నవు గనకనే చూస్తున్న. కదలకు."

ఆమె వంగి ఉంది. ఆయన దూరంగా నిలబడి, ఊపిరి బిగబట్టి, గిన్నె వైపు చూస్తున్నాడు. చుట్టూ ఆడవాళ్ళంతా ఒకసారి గిన్నెను, ఒకసారి ఆయన్ను చూస్తున్నారు. ఆయన దగ్గాడు. ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడ్డారు.

"ఏమయితుంది?" అన్నాడు చివరికి. "పొంగుతుందా?"

"ఏం పొంగుతలేదు" అంది పక్కింటామె, కొంచెం నిరాశగా.

"అంటే మంచిదేనా?"

"నకిలీది" అంది అత్తమ్మ, వంగినచోటి నుంచే. "రెండు నకిలీవే. మీ నాయనా ముంచిండు, మా నాయనా ముంచిండు."

"అంటే నాకు గండమా?"

అత్తమ్మ లేచింది. నడుము పట్టుకుని, తాడు కొంగుతో తుడుచుకుంది. "నీకు గండమైతే ఎప్పుడో అయిపోవాలె. గుండు లెక్క కూసొని నిమ్మకాయలు పిండుతున్నవ్." తర్వాత బిడ్డ వైపు తిరిగింది. ఆ మాటల్లో హాస్యం లేదు. "ఇనుకో. రెండు నకిలీవి పెట్టుకున్న నాకు ఈయన ఉన్నడు. అసలుదొకటి పెట్టుకున్న దీనికి నా కొడుకు లేడు. పగడానికేం తెల్సు? నీటి కింద ఉండి ఎవరు ఏది రాలిస్తే అది తినేది. మీ అయ్యగారికి చెప్పు."

వదినె చెయ్యి తన మెడ మీదికి పోయింది. "నీది గూడ చూద్దమా?" అని ఎవరో అన్నారు. వదినె ఒక అడుగు వెనక్కి వేసింది. నిమిషంలో వసారా ఖాళీ అయింది. ప్రతి ఒక్కరూ కొంగు మెడ మీదికి లాక్కుని వెళ్ళిపోయారు. నిమ్మకాయలు ముదిరినవని, లేతవైతే ఇంకోలా ఉండేదని ఒకామె వీధిలో చెప్పుకుంటూ పోయింది.

నేను సంచీ దింపి, మా అమ్మ పగడాన్ని గిన్నెలోంచి తీసి నీళ్ళతో కడిగాను. మెరుపు పోయింది. గుంత కొంచెం పెద్దదయింది. అత్తమ్మ నా భుజం మీదుగా చూసింది.

"అది మానుతదా?"

"ఇది మానదు అత్తమ్మా. చచ్చిపోయి ఎన్నేండ్లయిందో."

"బతికున్నప్పుడు మానుతదంటివి."

"బతికున్నప్పుడు మానుతది. జర ఆలస్యం."

"ఊఁ" అంది. అంతలో గోరింట చెట్టు దగ్గర చప్పుడైంది. ఆమె నిమ్మచెక్క తీసుకుని అటు విసిరింది. మేక దాన్ని వాసన చూసి తినేసింది.

ఆదివారం మా అమ్మ గట్టు నుంచి బస్సులో వచ్చింది. చేతిలో సజ్జపిండి సంచీ. ఊళ్ళోకి దిగగానే ఎవరో సగం కథ చెప్పినట్టున్నారు. గడప బయటే నిలబడింది, చెప్పులు విప్పలేదు. నేను లోపలి నుంచి చూస్తున్నాను. ఆమె ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది. అది చెడ్డదైతే అట్నుంచి అటే బస్టాండుకు పోతుంది.

అత్తమ్మ ఎదురుపోయి సంచీ అందుకుంది. "రా వదినె, గడపల నిలబడ్డవేంది? నీ పగడం మంచిది. మాదే ఉత్త గాజుపూస."

మా అమ్మ మర్యాదలో ఒకరికి తగ్గే మనిషి కాదు. చెప్పులు విప్పుతూ అంది. "మంచిదైతే ఏమాయె వదినె. మంచిగుండి ఏం కాపాడింది?"

అంతే. ఇద్దరూ గడపలోనే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మామ మగ్గం గుంతలోంచి తల ఎత్తి చూసి, చాయ్ ఎవరు పెడతారని అడగబోయి, మానుకుని, తనే లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. ఆయనకు చక్కెర డబ్బా ఏదో తెలియదు. ఒక్కొక్క డబ్బా మూత తీసి, వేలు పెట్టి నాకి చూస్తున్నాడు. మా ఆయన కూడా అట్లాగే వెతికేవాడు, సరిగ్గా ఆ డబ్బా నుంచే మొదలుపెట్టి.

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. కొంగు తడిసిన తర్వాత తెలిసింది. బయటికి వినపడేంత గట్టిగా కూడా అయింది. ఎప్పటిలాగే పక్కింటామె వచ్చింది. వాకిట్లో నిలబడి నా మొహం చూసింది, నా చేతులు చూసింది, చుట్టూ ఉల్లిగడ్డ ఎక్కడా లేదని చూసుకుంది. మా మేకను గోరింట చెట్టు దగ్గర నుంచి తోలి, దడి తడక దగ్గరికి వేసి, తన ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రోజూ రావడం మానేసింది.